అద్దంగారు పోసిన ఆకులు

మా వీధిలో ఆకులు రాలవు. అంటే, రాలతాయి గానీ ఎవరి కంటా పడవు. ఆ వీధి ఊడ్చేది మా ఆయన.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని, అదే వీధి. తెల్లవారుజామున అయిదింటికి చీపురు పుచ్చుకుని మెట్లు దిగుతాడు. జనం తలుపులు తీసే వేళకి నేల మీద వెతికినా ఒక్క ఆకు దొరకదు. వీధిని అద్దంలా ఉంచుతాడని ఎవరో ఒకసారి అన్నారు. అంతే, ఆయన పేరు అద్దంగారైపోయింది. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో. నేను రెండో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన స్వెటర్లు బాగుచేస్తాను కాబట్టి నన్ను కిటికీ అమ్మ అంటారు. మొత్తానికి మా ఇద్దరివీ ఇంట్లో వస్తువుల పేర్లే.

నేను దేనికీ పెద్దగా మురిసిపోయే మనిషిని కాను. కానీ ఆకురాలు కాలం మాత్రం నాకిష్టం, దాచుకోవడమెందుకు? ఎండ మెత్తబడుతుంది. పొద్దున పదింటికి ఎదురింటి మేడ పక్కనుంచి వంకరగా వచ్చి సరిగ్గా నా కుర్చీ మీద పడి, పదకొండుకల్లా పోతుంది. ఆ గంటా నేను సూది పట్టుకోను. ట్రంకు పెట్టెలోంచి కంబళ్ళు తీసి బాల్కనీ కమ్మీ మీద ఆరేస్తాను. సాయంత్రం వాటిని మడతపెడుతుంటే లోపల్నించి ఎండ వాసన వస్తుంది. గట్టిగా ఉన్న పళ్ళు కాగితాల్లో చుట్టి అల్మారాలో పెట్టి, రోజుకొకటి నొక్కి చూసుకుంటాను. పొయ్యి మీద గుమ్మడికాయ సూపు కుతకుతలాడుతుంటే వంటింటి కిటికీకి ఆవిరి పడుతుంది. దాని మీద వేలితో ఏదో ఒకటి గీస్తాను. అరవై దాటినా ఆ బుద్ధి పోలేదు.

ఇవన్నీ ఇంటి లోపలి సుఖాలు. బయటిది ఒక్కటే ఉంది, అది నాకు దక్కలేదు.

మా గుమ్మానికి ఎదురుగా వీధికి అవతల ఒక చెట్టుంది. దాని ఆకు విసనకర్ర ఆకారంలో, అరచేతిలో సగం ఉంటుంది. ఈ కాలంలో చెట్టు చెట్టంతా పచ్చటి పసుపు తిరుగుతుంది. అన్ని చెట్లూ రోజుకింత రాల్చుకుంటాయి. ఇది అలా కాదు, మొండిది. ఒక్క ఆకూ వదలకుండా వారాల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. మొదటిసారి మంచు గడ్డకట్టిన తెల్లవారుజామున, గంటా గంటన్నరలో మొత్తం దులిపేసుకుంటుంది. నేలంతా చీలమండల లోతున పసుపేనట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నిండు చెట్టును చూసి పడుకోవడం, లేచి మోడు చెట్టును చూడడం. మధ్యలో జరిగిందేదో మా ఆయనకీ, ఆకుల లారీ డ్రైవరుకీ మాత్రమే తెలుసు.

ఒకసారి ఎలా ఉంటుందని అడిగాను.

"చూడ్డానికేముందే? పదకొండు బస్తాలు," అన్నాడు మా ఆయన.

ఊడవద్దని ఎప్పుడూ అడగలేదు. ఆకుల రోజుల్లో ఆయన ఇంటికొచ్చేసరికి నడుము సగానికి వంగి ఉండేది. మందు రాస్తూ, ‘ఆ ఆకులు కాసేపు ఉంచకూడదూ, చూసుకుంటాను’ అనడానికి నోరు రావాలి కదా. వచ్చే ఏడు అడుగుదాంలే అనుకునేదాన్ని. వచ్చే ఏడు ఎక్కడికీ పోదని ధీమా.

ఈ ఏడు ఆ ధీమా పోయింది. నా ఎడమ కన్ను తొమ్మిదేళ్ళ కిందటే మూతపడింది. సర్లే, గుడ్డి కన్నా మెల్ల మేలని కుడికన్నుతో నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు ఆ కుడికంటి వెనక పొర ఊడిపోతోందట. గురువారం ఆపరేషన్, బుధవారం మధ్యాహ్నం ఆస్పత్రిలో చేరాలి. "చూపు నిలుస్తుందా?" అని అడిగితే డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "సగం సగం అమ్మా," అంది. చెయ్యకపోతే ఎలాగూ పూర్తిగా పోతుంది. ఇందులో ఆలోచించడానికేముంది? సంతకం పెట్టి ఇంటికొచ్చి సూపు పొయ్యి మీద పెట్టాను.

ఆ ముందు శనివారం రాత్రి భోజనం దగ్గర అడిగేశాను.

"ఏమండీ, ఈసారి ఆ చెట్టు కింద మాత్రం ఎనిమిదింటిదాకా ఊడవకండి. వెలుతురొచ్చాక ఒకసారి దిగి చూసుకుంటాను."

ఆయన చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. ఎందుకో నాకు తెలుసు. ఆయన ఉద్యోగ పుస్తకంలో ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క రిమార్కు లేదు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. మచ్చలేని వాళ్ళకి ఆఫీసు వాళ్ళు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది తగిలించడానికి ముందు గదిలో గోడకి మేకు కూడా కొట్టేశాడు. వేసవి నుంచీ ఆ మేకు ఖాళీగా అక్కడే ఉంది. వచ్చిన వాళ్ళు దానికి సంచులు తగిలించబోతే ఊరుకోడు.

"ఏడింటి తరవాత వీధిలో ఆకుంటే రిమార్కు రాస్తారే," అన్నాడు.

"సరే అయితే, వద్దు లెండి."

కాసేపు సూపు తాగాడు. "ఎనిమిదింటిదాకా కదా? సూపర్‌వైజరు ఎనిమిదిన్నరకి గానీ రాడు. సరే."

ఆయన సరే అంటే సరేనే. మాట తప్పే మనిషి కాదు.

ఆదివారం చెట్టు కదల్లేదు. సోమవారం గాలి వేసింది, అయినా ఉలకలేదు, పలకలేదు. నేను స్వెటర్ మోచేతి చిరుగు కుడుతూ గంటకోసారి తలెత్తి చూశాను. మంగళవారం సాయంత్రానికి చలి పళ్ళు కొరికింది. కిటికీ అద్దం లోపలివైపు కూడా చల్లబడింది.

"రేపు పొద్దున రాల్చేస్తుంది. దీని సంగతి నాకు తెలుసు," అన్నాడు మా ఆయన. లేచి వెళ్ళి ఒక ఎర్రగుడ్డ పీలిక తెచ్చి చీపురు కర్రకి కట్టాడు.

"అదెందుకు?"

"గుర్తుకి. రేపు చీపురు పట్టుకోగానే చేతికి తగిలితే నీ మాట గుర్తొస్తుంది. నిద్రమత్తులో చేతుల్ని నమ్మలేం."

బుధవారం నేను ఆరున్నరకి లేచాను. కంబళి భుజాన వేసుకుని కిటికీ దగ్గరకి వెళ్ళాను. అప్పుడే వెలుతురొస్తోంది. చెట్టు మోడు. కింద వీధి, చెప్పానుగా, అద్దం.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆ కంటికి నీళ్ళు మంచివి కావని డాక్టరమ్మ చెప్పింది, అయినా ఏడ్చాను.

ఏడింటికి మా ఆయన పైకి వచ్చాడు. బూట్లు విప్పలేదు, లోపలికీ రాలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"చేతులు ఊడ్చేశాయే. నేను చూసుకోలేదు. చీకటి, వీధి లైటు కూడా పోయింది. ఎప్పుడూ ఆ చెట్టు కిందే మొదలుపెడతాను కదా, బరువు ముందు దింపుకుందామని. లారీ వెళ్ళిపోయాక తలెత్తితే..."

"గుడ్డ కట్టారుగా?"

"కట్టాను. చీపురుకి ఏదో చెత్త పీలిక చిక్కుకుందనుకుని పీకి బస్తాలో పడేశాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసినదీ అంతే. అది నాకు తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ వీధిని చూసుకున్నారు. ఒక్క పూట నన్ను చూసుకోమంటే మీ వల్ల కాలేదు."

ఆయనకి టీ పోసి ఉంది, తాగలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఎనిమిదిన్నరకి మా అమ్మాయి వచ్చింది. బేకరీలో పని దానికి. రాత్రి డ్యూటీ దిగి, వేడి రొట్టె సంచిలో పెట్టుకుని తిన్నగా ఇటే వచ్చింది, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి. నా మొహం చూసి విషయం అడిగింది. చెప్పాను.

"నాన్న ఎక్కడ?"

"ఏమో. ఏ వీధి మూల ఇంకో ఆకు మిగిలిపోయిందో."

"అమ్మా, నీ నోరుందే..." అని ఆపేసింది. ఇద్దరం నా బట్టలు సంచిలో సర్దాం. రెండు తువ్వాళ్ళు, ఒక స్వెటరు, కళ్ళజోడు. కళ్ళజోడు తీసి బయట పెట్టాను, మళ్ళీ లోపల పెట్టాను.

తొమ్మిదిన్నర అవుతుండగా వీధిలో లారీ వెనక్కి నడిపే కూత వినిపించింది. ఆకుల లారీ ఒకసారి వెళ్ళాక మర్నాటిదాకా రాదు. ఇద్దరం కిటికీ దగ్గరకి వెళ్ళాం. డ్రైవరు దిగి వెనక తలుపు తీస్తున్నాడు. మా ఆయన లారీలోనే ఉన్నాడు, మోకాళ్ళ లోతు బస్తాల మధ్య. బస్తా మూతి విప్పి చెట్టు కింద బోర్లించాడు. ఇంకోటి. మరోటి. తరవాత కిందకి దూకి చీపురు తీసుకున్నాడు. ఎప్పుడూ బయటి నుంచి చెట్టు వైపు పోగుచేసే మనిషి, ఇప్పుడు మాను మొదట్లోంచి బయటికి తోస్తున్నాడు. చెయ్యి అలవాటు లేక రెండుసార్లు మళ్ళీ లోపలికే లాగేశాడు. తనని తానే తిట్టుకోవడం పైకి వినిపించింది.

డ్రైవరు నన్ను చూసి కింద నుంచి కేకేశాడు.

"వదినా! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే విన్నాను గానీ, ఇదే చూడ్డం! డంపు యార్డులో పసుపువి ఏరడానికి గంటన్నర పట్టింది. మీ ఆయన నా ప్రాణం తీశాడు!"

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని దింపింది. కంటికి కుదుపు తగలకూడదని ఒక్కో మెట్టూ చెప్పి మరీ దింపింది.

ఎలా ఉందో చెప్తాను. పసుపు. దీనికి ఇంకో మాట నా దగ్గర లేదు. పై నుంచి పది గంటల వంకర ఎండ, నా కుర్చీ మీద పడేదే, ఆ పూట నేల మీద పడింది. అన్నీ ఆ చెట్టువి కావు, పక్క వీధుల గోధుమరంగు ఆకులు కూడా కలిశాయి. ఒక సిగరెట్టు పెట్టె, ఒక పసివాడి మేజోడు, మా ఎర్రగుడ్డ పీలిక కూడా వచ్చాయి. కాలు పెట్టాను. చీలమండ దాకా మునిగింది. కింద మంచుతడి, పైన పొడి. నడిస్తే చప్పుడు. రెండు కాళ్ళతో ఎగదన్నాను, ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు. బాగుంది. చాలా బాగుంది.

"ఉండవే, ఆ సిగరెట్టు పెట్టె తీసేస్తా," అన్నాడు మా ఆయన.

"దాన్ని ముట్టుకున్నారంటే చూడండి!"

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు సైకిలు దిగాడు. కుర్రాడు, మా అమ్మాయి ఈడు వాడు, మర్యాదస్తుడు. నేల చూశాడు, గడియారం చూశాడు.

"ఏంటిది అద్దంగారూ? మీ వీధేనా ఇది?"

మా ఆయన నోరు తెరిచేలోపు డ్రైవరు అందుకున్నాడు. "పొద్దున్నే ఊడ్చాడు సార్. ఊడ్చాక మళ్ళీ రాలాయి. ఈ చెట్టు సంగతి మీకు తెలీదు, మహా మొండిది."

సూపర్‌వైజరు తలెత్తి మోడు చెట్టును చూశాడు. ఎదురుగా ఖాళీ బస్తాలు ఉన్నాయి. అతనికి అర్థం కాలేదని అనుకోను. పుస్తకం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రాలినవైతే మీ తప్పేముంది? ఇంకోసారి ఊడ్చేయండి. నేనిక్కడే ఉంటాను. శుభ్రంగా ఉందని రాసుకుని పోతాను."

నా రెండు కాళ్ళూ ఆకుల్లోనే ఉన్నాయి. దిగి అయిదు నిమిషాలు కూడా కాలేదు. మా ఆయన చీపురు వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. చీపురు గోడకి ఆనించాడు.

"రాలినవి కాదు సార్. పోసినవి."

"ఎవరు పోశారు?"

"నేనే."

"అన్నా!" అన్నాడు డ్రైవరు.

"పెద్దాయనా, మీరు ఊడ్చేవాళ్ళు. పోయడమేంటి?" సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "రెండు నెలల్లో రిటైరవుతున్నారు. కొరివితో తల గోక్కుంటారా? నేనేమీ వినలేదు. ఊడ్చేయండి."

"పదకొండు బస్తాలు సార్. రాసుకోండి. పోసిన చెత్త ఆఫీసు వాళ్ళొచ్చి ఫోటో తీసేదాకా ముట్టుకోకూడదు కదా?"

"కూడదు."

"వాళ్ళెప్పుడొస్తారు?"

"ఇప్పుడు కబురు పెడితే... మూడు దాటుతుంది."

"అయితే రాసుకోండి సార్."

అప్పుడు నాకు పరుపు గుర్తొచ్చింది. కిందటేడు ఎవరో మా వీధి మొదట్లో ఒక పాత పరుపు పడేశారు. రాలిన ఆకైతే వెంటనే ఊడవాలి. ఎవరైనా తెచ్చి పడేసింది మాత్రం రుజువు కాబట్టి ఫోటో తీసేదాకా ఉంచాలి. ఆఫీసు రూలు అది. ఆ ఫోటో మనిషి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మా ఆయనకి తిండి సయించలేదు, పన్ను నొప్పి వచ్చిన వాడిలా పరుపు చుట్టూ తిరిగాడు. ఆ రూలునే ఇప్పుడు నా కోసం తన మీదకి తెచ్చుకున్నాడు.

సూపర్‌వైజరు చాలాసేపు రాయకుండా నిలబడ్డాడు. ఆ తరవాత రాశాడు. వెళ్తూ వెళ్తూ సైకిలు ఆకుల మీదుగా నడపకుండా పక్కనించి నడిపించుకుని పోయాడు.

అమ్మాయి పైనించి రెండు కుర్చీలూ, ఫ్లాస్కులో టీ, రొట్టె తెచ్చింది. చెట్టు కింద వేసింది. నేను కూర్చున్నాను. మా ఆయన డాక్టరు గది బయట కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆయనకి. రొట్టె ఇస్తే కుదుటపడ్డాయి.

"పొద్దున ఒక మాటన్నాను. వెనక్కి తీసుకుంటున్నా," అన్నాను.

"నిజమే కదే అన్నావు."

"నిజమైనా సరే, తీసుకుంటున్నా."

టీ తాగాం. అమ్మాయి రాత్రంతా మేలుకున్న మనిషి కదా, గుమ్మం మెట్టు మీద కూర్చునే కునుకు తీసింది. ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వాళ్ళూ ఒక కుర్చీ వేసుకున్నారు. ఎండ వెచ్చగా తగిలింది. చాలాసేపటికి మా ఆయన అన్నాడు, "నేను కూడా ఇంతవరకూ చూడలేదే. ఎప్పుడూ చీకట్లోనే కదా."

"ఎలా ఉంది?"

ఆలోచించాడు. "బస్తాల్లో ఇంత కనపడదు," అన్నాడు.

పన్నెండింటికి ఆస్పత్రికి వెళ్ళిపోయాం, ముగ్గురం. ఆ హడావిడిలో కుర్చీలు అక్కడే వదిలేశాం.

గురువారం ఆపరేషన్ అయింది. శనివారం కంటికి కట్టుతో ఇంటికొచ్చాను. కట్టు విప్పేది మంగళవారం. నాకు గోడా గుమ్మం ఒకటే. వాసనతో సూపు, చేతితో కంబళి, చెవితో మా ఆయన. రోజులు గడుస్తున్నాయి.

సోమవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి ఒక కవరు తెచ్చాడు. నాకు చెప్పకుండా లోపల పెట్టబోయాడు. కాగితం చప్పుడు నాకు వినపడదా? అమ్మాయిని పైకి చదవమన్నాను.

"‘తాను శుభ్రపరచవలసిన వీధిలో, పని వేళల్లో, తానే స్వయంగా పదకొండు బస్తాల ఎండుటాకులు పోసినందుకు...’" అమ్మాయికి నవ్వాగలేదు. గుక్క తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "‘...పోసినందుకు ఇందుమూలముగా మందలించడమైనది. ఈ విషయం సర్వీసు పుస్తకములో నమోదు చేయబడినది. రుజువు జతపరచడమైనది.’"

"రుజువంటే?"

"ఫోటో అమ్మా. రంగుది, పెద్దది. వీధంతా పసుపు. మధ్యలో మన కుర్చీలు రెండు. ఒకదాని మీద ఫ్లాస్కు."

సర్టిఫికెట్ ఇక రాదని ముగ్గురికీ తెలుసు.

మా ఆయన ఆ కాగితం, ఫోటో రెండూ అడిగి తీసుకున్నాడు. అల్మారా తలుపు తెరిచిన చప్పుడు, ఫ్రేము అద్దం తుడిచిన చప్పుడు. సర్టిఫికెట్ కోసమని కొనిపెట్టుకున్న ఫ్రేము అది. తరవాత ముందు గది గోడకి ఏదో తగిలిన చప్పుడు వినిపించింది. మేకు ఉన్న వైపే.

కన్ను నిలవకపోయినా పర్వాలేదని నేను అనను. పర్వా ఉంది. కుట్టాల్సిన స్వెటర్లు ఇంకా ఏడు ఉన్నాయి, వచ్చే ఏడు చెట్టుంది, ఈ ముసలాయన మొహం ఉంది. పోతే ఏడుస్తాను. కానీ అడిగింది ఒక్కటి, అది చూశాను.

"వంకరగా ఉందేమో చూడవే," అన్నాడు మా ఆయన గోడ దగ్గర నుంచి. అన్నాక నాలిక్కరుచుకున్నాడు. అదీ వినిపించింది.

"అలాగే ఉంచండి. రేపు చూసి చెప్తాను," అన్నాను.